కంటైనర్‌లో యురేనియం దాస్తే మ్యూయాన్లు పట్టేస్తాయా?

రేవుగాలి
క్లియరింగ్ ఏజెంటు దగ్గర పనిచేస్తున్నాను. మేం పంపిన గ్రానైటు కంటైనర్ ఒకటి అవతలి దేశం పోర్టులో రేడియేషన్ గేటు దాటుతుంటే అలారం మోగింది. పక్కన పెట్టారు, తెరిచారు, సరుకంతా దింపారు. రాళ్లు తప్ప ఏమీ లేవు. ఇప్పుడు డెమరేజి (ఆలస్యానికి కట్టాల్సిన రుసుము) ఎవరు కట్టాలని మా పార్టీకీ షిప్పింగ్ లైనుకీ గొడవ.

నా బాధ డబ్బు గురించి మాత్రమే కాదు. అదే గేటులోంచి సీసం పెట్టెలో యురేనియం తీసుకెళ్తే మోగకపోవచ్చని అక్కడి ఏజెంటే అన్నాడు. రాయిని ఆపి, బాంబు సరుకును వదిలేసే గేటు ఎందుకండీ? ఆకాశం నుంచి పడే మ్యూయాన్లనే కణాలతో కంటైనర్ లోపల చూసే యంత్రం బహామాస్‌లో పెట్టారని విన్నాను. అది నిజంగా పనిచేస్తుందా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

గోదారిగట్టు
ముందు ఏ రాయో చెప్పండి. చీమకుర్తి గెలాక్సీ అయితే మోగిందంటే నమ్మను.

రేవుగాలి
కరీంనగర్ టాన్ బ్రౌన్.

గోదారిగట్టు
అదీ సంగతి. గెలాక్సీని వ్యాపారంలో గ్రానైటు అంటారు గానీ అది గాబ్రో జాతి రాయి, పొటాషియం తక్కువ. టాన్ బ్రౌన్‌లో కనిపించే ఆ గోధుమ రంగు మచ్చలు పొటాష్ ఫెల్డ్‌స్పార్. పొటాషియం ఉన్న ప్రతిచోటా సహజంగానే రేడియేషన్ వదిలే పొటాషియం-40 కాస్త ఉంటుంది. ఇరవై టన్నుల రాయి ఒకేచోట పేర్చితే గేటు మోగడంలో వింత లేదు. అరటిపళ్లకి, టైల్స్‌కి, ఎరువుల బస్తాలకి కూడా మోగుతుంది.

అణువణువు
రేవుగాలి గారూ, మీ ఏజెంటు చెప్పింది సరైనదే. ఆ గేటు సరుకులోంచి బయటికొచ్చే గామా కిరణాలనూ న్యూట్రాన్లనూ లెక్కపెడుతుంది, అంతే. ప్లుటోనియం న్యూట్రాన్లు వదులుతుంది కాబట్టి దాన్ని దాచడం కాస్త కష్టం. బాంబుకి పనికొచ్చే శుద్ధి యురేనియంతోనే చిక్కు. యురేనియం-235 వదిలే ముఖ్యమైన గామా కిరణం శక్తి 186 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. చాలా నీరసమైన కిరణం. చుట్టూ అర సెంటీమీటరు సీసం ఉంటే నూటికి ఒక్కటి కూడా బయటికి రాదు. పైగా యురేనియం ముద్ద లోపల పుట్టిన కిరణాల్ని ఆ ముద్దే మింగేస్తుంది.

మ్యూయాన్ పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు దారి. లోపలి వస్తువు ఏం వదులుతోందో అడగదు. పైనుంచి వచ్చే కణం ఆ వస్తువులోంచి దూరి వెళ్లేటప్పుడు దారి ఎంత వంగిందో చూస్తుంది. అంతరిక్షం నుంచి వచ్చే ప్రోటాన్లు సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున గాలిలోని కేంద్రకాల్ని గుద్దితే పయాన్లనే కణాలు పుడతాయి, అవి విరిగి మ్యూయాన్లవుతాయి. మ్యూయాన్ ఎలక్ట్రాన్‌కి అన్నలాంటిది, 207 రెట్లు బరువు. దాని సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. మామూలు లెక్కన ఏడొందల మీటర్లు కూడా రాకముందే చచ్చిపోవాలి. కానీ కాంతికి దగ్గర వేగంతో వస్తుంది కాబట్టి, ఐన్‌స్టీన్ చెప్పినట్టు దాని గడియారం మన లెక్కలో నెమ్మదిగా నడుస్తుంది, నేల దాకా చేరుతుంది. నేల మీద ప్రతి చదరపు సెంటీమీటరుకీ నిమిషానికి ఒకటి చొప్పున పడుతున్నాయి. ఇది చదువుతుండగానే మీ అరచేతిలోంచి సెకనుకి ఒకటో రెండో వెళ్తున్నాయి.

మామూలు మందంలో ఇనుము, సీసం, కాంక్రీటు దీన్ని ఆపలేవు. కానీ బరువైన కేంద్రకాల పక్కనుంచి వెళ్తే వాటి విద్యుదావేశానికి కాస్త పక్కకి మళ్లుతుంది. పరమాణు సంఖ్య ఎంత పెద్దదైతే అంత ఎక్కువ మళ్లుతుంది. ఇనుముకి 26, సీసానికి 82, యురేనియానికి 92. కంటైనర్ పైన ఒక డిటెక్టర్ పొర, కింద ఒక పొర. లోపలికి వచ్చిన దారి, బయటికి పోయిన దారి తెలిస్తే రెండూ ఎక్కడ కలుస్తాయో ఆ చోటే మళ్లింది. అలాంటి చుక్కలు పోగైతే బొమ్మ వస్తుంది.

ఇందులో నాకు బాగా నచ్చేది ఒకటుంది. సీసం పెట్టెతో యురేనియాన్ని గేటు నుంచి దాచొచ్చు. మ్యూయాన్లకి ఆ సీసం పెట్టె కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎంత మందం సీసం వేస్తే అంత బాగా దొరుకుతాడు.

చిట్టిబాబు_లారీ
అంటే ఆ గేటులో లారీతో సహా నిలబడితే డ్రైవర్‌కి రేడియేషన్ తగులుతుందా?

అణువణువు
అదనంగా ఏమీ తగలదు. ఆ యంత్రం ఏమీ వదలదు, పడుతున్నవాటిని లెక్కపెడుతుంది. ఎక్స్‌రే స్కానర్ అయితే డ్రైవర్‌ని దింపాలి, లేదా క్యాబిన్ దాటాకే కిరణం వేయాలి. సరుకులో మనిషెవరైనా దాక్కుని ఉంటే వాళ్లకీ ఆ ఎక్స్‌రే తగులుతుంది. ఇక్కడ ఆ బెంగ లేదు.

చిట్టిబాబు_లారీ
అయితే నాకు ఇష్టమే. క్యాబిన్‌లో కూర్చుని టీ తాగొచ్చు.

న్యూజెర్సీ_నాని
సీసం పెట్టె సంగతి ఊహ కాదు, జరిగింది. 2002లో ఏబీసీ న్యూస్ విలేకరులు 15 పౌండ్ల, అంటే దగ్గర దగ్గర 7 కిలోల, డిప్లీటెడ్ యురేనియాన్ని (యురేనియం-235 చాలావరకు తీసేయగా మిగిలినది) సీసం తొడిగిన గొట్టంలో పెట్టి, కంటైనర్‌లో ఇస్తాంబుల్ నుంచి న్యూయార్క్‌కి పంపారు. ఎవరూ ఆపలేదు. మరుసటి ఏడాది జకార్తా నుంచి లాస్ ఏంజెలెస్‌కి అలాగే పంపారు. అదీ దాటేసింది. నేను ఉండే చోటి నుంచి ఆ ఓడలు రోజూ కనిపిస్తాయి. ఇక్కడున్న మాకు అది వార్త మాత్రమే కాదు, భయం.

గోదారిగట్టు
నానీ, డిప్లీటెడ్ యురేనియం బాంబుకి పనికిరాదు. దాన్ని వదిలేశారంటే అసలు సరుకునీ వదిలేస్తారని ఎలా అంటావు?

అణువణువు
నాని చెప్పినదాంట్లో బలం ఉంది. డిప్లీటెడ్ యురేనియంలో దాదాపు అంతా యురేనియం-238. దాని సంతతి కణం 1001 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా వదులుతుంది. 186 కంటే చాలా చొరవైన కిరణం. సీసం వెనక పెడితే శుద్ధి యురేనియం కంటే డిప్లీటెడే తేలిగ్గా దొరకాలి. తేలికైనదే దొరకలేదు. ఆ రోజుల్లో గేట్లు ఇన్ని లేవు, అది ఒప్పుకోవాలి.

లెక్కలమాస్టారు
నేను కాగితం మీద లెక్క వేశాను. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఆందోళన పడాల్సిన మోతాదుగా పెట్టుకున్నది శుద్ధి యురేనియంలో 25 కిలోల యురేనియం-235, ప్లుటోనియం అయితే 8 కిలోలు. యురేనియం సాంద్రత 19 కాబట్టి 25 కిలోలంటే లీటరుంపావు. గుండ్రంగా చేస్తే వ్యాసం పదమూడున్నర సెంటీమీటర్లు.

ఇరవై అడుగుల కంటైనర్ పైకప్పు దాదాపు 15 చదరపు మీటర్లు. నిమిషానికి లక్షన్నర మ్యూయాన్లు. పది సెంటీమీటర్ల పక్కలున్న ముద్ద మీద మాత్రం నిమిషానికి వంద. ఆ వందే మనకి ఆధారం.

3 జీఈవీ (గిగా ఎలక్ట్రాన్ వోల్టుల) శక్తి ఉన్న మ్యూయాన్ పది సెంటీమీటర్ల ఇనుములోంచి వెళ్తే సుమారు 0.65 డిగ్రీలు మళ్లుతుంది. అదే మందం సీసంలో 1.2, యురేనియంలో 1.6. డిగ్రీలో పదో వంతు కొలవగలిగే డిటెక్టర్ ఉంటే ఇనుముకీ యురేనియానికీ తేడా పట్టొచ్చు. సీసానికీ యురేనియానికీ మధ్య మాత్రం నిమిషంలో తేల్చడం నాకు కష్టంగానే కనిపిస్తోంది.

బుజ్జి2009
మాస్టారూ, ఇది పరీక్షలో వస్తుందా?

లెక్కలమాస్టారు
రావాలనే నా కోరిక.

నక్షత్రధూళి
చరిత్ర కొంచెం. మ్యూయాన్లతో లోపల చూడడం కొత్త కాదు. 1955లో ఆస్ట్రేలియాలో ఇ.పి. జార్జ్ ఒక సొరంగంలో మ్యూయాన్లు లెక్కపెట్టి పైన రాయి ఎంత మందం ఉందో కొలిచాడు. 1960ల చివర్లో నోబెల్ గ్రహీత లూయిస్ అల్వరెజ్ ఈజిప్టులో ఖఫ్రే పిరమిడ్ కింద డిటెక్టర్ పెట్టి, రహస్య గది ఉందేమోనని వెతికాడు. వెతికినంత మేరలో లేదని తేలింది. 2017లో అదే సూత్రంతో ఖుఫు మహా పిరమిడ్‌లో కనీసం 30 మీటర్ల పొడవున్న ఖాళీ బయటపడింది. ఫుకుషిమాలో కూడా 2015లో ఒకటో రియాక్టర్‌ని ఇలా చూశారు, కోర్ ఉండాల్సిన చోట ఇంధనం కనిపించలేదు. మనిషి అడుగుపెట్టలేని చోట అది తెలియడం చిన్న విషయం కాదు.

కానీ పిరమిడ్లలో, సొరంగంలో చూసింది ఎన్ని మ్యూయాన్లు ఆగిపోయాయి, ఎన్ని దాటాయి అన్నది. దానికి వారాలూ నెలలూ పడతాయి. ఆగినవాటిని కాకుండా మళ్లినవాటిని చూద్దాం అన్న మలుపు లాస్ అలమోస్ ప్రయోగశాల నుంచి వచ్చింది. కాన్‌స్టాంటిన్ బొరోజ్‌దిన్, క్రిస్టఫర్ మోరిస్ బృందం 2003లో నేచర్ పత్రికలో వేసిన చిన్న వ్యాసం అది. టంగ్‌స్టన్ దిమ్మ ఒకటి పెట్టి బొమ్మ తీసి చూపించారు. అణుబాంబు పుట్టిన ఊళ్లోనే అణు సరుకుని పట్టే ఉపాయం కూడా పుట్టింది. ఆ టెక్నాలజీ తీసుకుని డిసిషన్ సైన్సెస్ అనే కంపెనీ 2012లో బహామాస్‌లోని ఫ్రీపోర్ట్ కంటైనర్ రేవులో యంత్రం నిలబెట్టింది. రేవుగాలి గారు విన్నది అదే. పైనా కిందా వరసగా గ్యాసు నింపిన అల్యూమినియం గొట్టాలు, మధ్యలోకి లారీ వచ్చి ఆగుతుంది. మ్యూయాన్ బొమ్మతో పాటు సరుకులోంచి వచ్చే గామా కిరణాలనీ అవే గొట్టాలు చూస్తాయి.

కోలారు_కుర్రాడు
మ్యూయాన్ల మాట వస్తే కోలారు చెప్పకపోతే ఎలా? మా తాత చాంపియన్ రీఫ్ గనిలో పనిచేశాడు. 1950ల నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు మా గనుల్లోకి దిగి ఒక్కో లోతులో మ్యూయాన్లు ఎన్ని వస్తున్నాయో కొలిచారు. 1965లో 2.3 కిలోమీటర్ల లోతున, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలనే కణాల జాడ ప్రపంచంలో మొదట పట్టినవాళ్లలో వాళ్లున్నారు. ఆ లోతుకి ఎందుకెళ్లారంటే మ్యూయాన్ల గోల తప్పించుకోవడానికి! ఇప్పుడు అదే గోలతో పని చేయించుకుంటున్నారన్నమాట. గని 2001లో మూసేశారు. అక్కడ జరిగిన సైన్సు గురించి మా ఊరి పిల్లలకే తెలియదు, అదే నా బాధ.

నక్షత్రధూళి
ఊటీలో గ్రేప్స్-3 ఇప్పటికీ నడుస్తోంది కదా, 560 చదరపు మీటర్ల మ్యూయాన్ డిటెక్టర్. 2014 డిసెంబర్‌లో వచ్చిన ఒక ఉరుముల మేఘంలో 1.3 గిగావోల్టుల విద్యుత్ ఉందని మ్యూయాన్లు తగ్గిన తీరుని బట్టే చెప్పారు.

కస్టమ్స్_బాబాయ్
ఉద్యోగం చేసి రిటైరైనవాడిని. ఇక్కడ అందరూ ఫిజిక్స్ మీద ముచ్చట పడుతున్నారు. సంతోషం. నా ప్రశ్న ఒక్కటే: టైమ్.

రేడియేషన్ గేటులో లారీ ఆగక్కర్లేదు, నెమ్మదిగా వెళ్తే చాలు. మ్యూయాన్ గేటులో ఆగాలి. పలచని సరుకైతే నిమిషం అంటారు. ఇనప స్క్రాపు, మోటార్లు, మార్బుల్ లాంటి దట్టమైన సరుకైతే? అనుమానం వస్తే ఇంకా ఆపాలి. అమెరికా 2007లో చట్టం చేసింది, తమ దేశానికి వచ్చే ప్రతి కంటైనర్‌నీ ఎక్కించే రేవులోనే 2012 కల్లా స్కాన్ చేయాలని. గడువు వచ్చింది, వాయిదా వేశారు. మళ్లీ మళ్లీ వేస్తూనే ఉన్నారు. మామూలు స్కానర్లకే సాధ్యం కాలేదు, ఆకాశం నుంచి కణాలు పడేదాకా ఆగడం కుదురుతుందా?

రెండోది. దొరికిన అసలు కేసులు చూడండి. 1994లో మ్యూనిక్ విమానాశ్రయంలో 363 గ్రాముల ప్లుటోనియం, మాస్కో నుంచి వచ్చిన సూట్‌కేసులో. 1999లో బల్గేరియా సరిహద్దు రూసేలో కొద్ది గ్రాముల యురేనియం, కారులో సీసం డబ్బాలో. 2010లో జార్జియాలో 18 గ్రాములు, సీసం తొడిగిన సిగరెట్ పెట్టెలో, రైల్లో. ఒక్కటైనా కంటైనర్ ఉందా? 18 గ్రాముల్ని మీ మ్యూయాన్లు చూడగలవా?

లెక్కలమాస్టారు
18 గ్రాములు చూడలేవు. ఒక ఘన సెంటీమీటరు కూడా లేదు, నిమిషానికి ఒక మ్యూయాన్ తగిలితే గొప్ప.

న్యూజెర్సీ_నాని
బాబాయ్ గారూ, అవన్నీ దొరికినవి. దొరికాయి కాబట్టే మనకి తెలుసు. గ్రాములు అమ్మచూపేవాడు నమూనా చూపిస్తున్నాడు, మిగతాది వెనక ఉందంటాడు. నాకు భయం ఆ మిగతాదాని గురించి. పాతిక కిలోలు ఎవడూ సిగరెట్ పెట్టెలో పెట్టడు.

కస్టమ్స్_బాబాయ్
జార్జియా కేసుల్లో పట్టుకున్నది యంత్రం కాదు నానీ, కొనేవాళ్లలా వెళ్లిన పోలీసులు. నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం పెద్ద సరుకు ఏది దొరికినా ముందు ఎవరో ఒకరు సమాచారం ఇచ్చారు. ఆ డబ్బు మనుషుల మీద పెట్టాలంటాను.

న్యూజెర్సీ_నాని
ఉప్పందని రోజు?

అణువణువు
టైమ్ గురించి బాబాయ్ గారి మాట తీసిపారేయలేం. అసలు ఇబ్బంది కణాల లెక్కలోనే కాదు, వాటి వేగంలో కూడా ఉంది. నెమ్మదిగా వచ్చే మ్యూయాన్ ఇనుములో కూడా బాగా మళ్లుతుంది. వేగంగా వచ్చేది యురేనియంలో కూడా కొంచెమే మళ్లుతుంది. ఒక్క కణాన్ని చూసి ఏదీ చెప్పలేం. అందుకే కెనడాలో క్రిప్ట్ అనే ప్రాజెక్టులో కింద ఇనప పలకలు పెట్టి, వాటిలో మళ్లిన తీరుతో ఆ కణం వేగాన్ని కూడా అంచనా కట్టారు. ఇటలీలో కటానియా వాళ్లు కంటైనర్ అంత పెద్ద డిటెక్టర్ కట్టారు. మన దగ్గర కోల్‌కతా సాహా ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల చిన్న నమూనాల మీద పరిశోధన జరుగుతోంది.

కానీ ప్రతి కంటైనర్‌నీ మ్యూయాన్ గేటులో పెట్టమని ఎవరూ అడగక్కర్లేదు. గేటు మోగినవి, ఎక్స్‌రేలో నల్లగా కనపడినవి, కాగితాల్లో తేడా ఉన్నవి మాత్రమే రెండో వరసలో దీని కిందికి పంపాలి. వందలో రెండు మూడు అనుకోండి. వాటికి పది నిమిషాలు ఇచ్చినా నష్టం లేదు. ఇప్పుడు వాటినే తాళం తీసి, సరుకు దింపి చూస్తున్నారు కదా, దానికి రోజులు పడుతున్నాయి.

రేవుగాలి
ఆగండాగండి. అంటే మా గ్రానైటు కేసులో ఇది ఉంటే?

అణువణువు
గేటు మోగింది, అంటే గామా ఉంది. మ్యూయాన్ బొమ్మలో కంటైనర్ అంతా ఒకే రకంగా రాయి, ఎక్కడా బరువైన ముద్ద లేదు. అప్పుడు రాయే మోగించిందని తేలిపోతుంది, తాళం తీయకుండా పంపొచ్చు. గేటు మోగినా మోగకపోయినా, ఆటబొమ్మల సరుకు మధ్య బరువైన ముద్ద ఒకటి కనిపిస్తే అది సీసమా యురేనియమా అన్నది తర్వాత సంగతి, తెరవాల్సిందే. ఆటబొమ్మలని రాసిన కంటైనర్‌లో సీసం దిమ్మకి పనేముంది? మాస్టారి సందేహానికీ ఇదే జవాబు. రెండు యంత్రాలూ కలిస్తేనే బలం.

లెక్కలమాస్టారు
బొమ్మల కంటైనర్‌కి ఒప్పుకుంటాను. ఆ ముద్దని ఇరవై టన్నుల ఇనప స్క్రాపు మధ్యలో పెడితే? మీటరు ఇనుములోంచి వెళ్లేసరికి మ్యూయాన్ రెండు డిగ్రీల పైనే మళ్లుతుంది. నీరసంగా వచ్చినవి అందులోనే ఆగిపోతాయి. పది నిమిషాలు సరిపోతాయని రాసివ్వలేను.

సిక్కోలు_సముద్రం
స్క్రాపు మాట అందరూ సరదాగా అంటున్నారు. 2010లో ఢిల్లీ మాయాపురిలో ఏం జరిగిందో గుర్తుందా? ఒక యూనివర్సిటీ పాత సామానులో అమ్మేసిన పరికరంలో రేడియేషన్ వదిలే కోబాల్ట్-60 ఉంది. స్క్రాపు కుర్రాళ్లు విప్పేశారు. ఒకరు చనిపోయారు, మరికొందరు జబ్బుపడ్డారు. అది ఏ టెర్రరిస్టూ చేసింది కాదు. అలాంటి పరికరం చుట్టూ బోలెడంత సీసం ఉంటుంది కాబట్టి గేటు మోగకపోవచ్చు, మ్యూయాన్లకి ఆ సీసం కనిపిస్తుంది. మన దేశానికి బాంబు కంటే ఇదే దగ్గరి ప్రమాదం. ఉక్కు ఫ్యాక్టరీలకి వచ్చే స్క్రాపు లారీల దగ్గర ఇలాంటిది ఒకటి ఉండాలని నేను గట్టిగా అంటాను.

ఇంకోటి, మా తీరం ఇసకలో మోనజైట్ ఉంటుంది, అందులో థోరియం. ఆ ఇసక తగిలిన సంచులకి కూడా గేటు మోగుతుంది. థోరియం పరమాణు సంఖ్య 90 కదా, అది మ్యూయాన్ బొమ్మలో యురేనియంలా కనపడదా?

అణువణువు
మంచి ప్రశ్న. ఇసకలో థోరియం పలచగా కలిసి ఉంటుంది. మ్యూయాన్ మళ్లాలంటే పరమాణు సంఖ్య పెద్దదైతే చాలదు, అవి దట్టంగా ఒకచోట ఉండాలి. మోనజైట్ గింజే సాంద్రత 5 చిల్లర, యురేనియం లోహానికి 19. ఇసక ఇసకలాగే కనిపిస్తుంది.

మాస్టారి స్క్రాపు ప్రశ్న న్యాయమైనది. ఖాళీలతో పోసిన స్క్రాపు గట్టి ఇనుము అంత దట్టంగా ఉండదు, అది కాస్త మేలు. అయినా అక్కడ టైమ్ పెరుగుతుంది.

కస్టమ్స్_బాబాయ్
రెండో వరస అంటే నాకు అభ్యంతరం లేదు. స్క్రాపు లారీల దగ్గర అంటే ఇంకా ఇష్టం, ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీ ఎలాగూ గంటలు గంటలు నిలబడే ఉంటుంది. పోర్టులో మొదటి వరసలో మాత్రం ఒప్పుకోను.

చిట్టిబాబు_లారీ
గంటలు కాదు బాబాయ్, ఒక్కోసారి రెండు రోజులు. ఆ టైమ్‌లో ఎన్ని మ్యూయాన్లు పడతాయో మాస్టారు లెక్క కట్టాలి.

లెక్కలమాస్టారు
రెండు రోజులంటే 2,880 నిమిషాలు. పది సెంటీమీటర్ల ముద్ద మీద రెండు లక్షల ఎనభై ఎనిమిది వేలు. చిట్టిబాబూ, అంత టైమ్ ఇస్తే స్క్రాపు మధ్యలో ఉన్నా నేనే పట్టిస్తాను.

రేవుగాలి
అందరికీ థాంక్స్. ఇంత జవాబు వస్తుందనుకోలేదు. బాబాయ్ గారూ, అలాంటి యంత్రం మాకు వచ్చేదాకా, వచ్చే నెల టాన్ బ్రౌన్ లోడుకి ఏం చేయమంటారు? మళ్లీ ఆపితే మా పార్టీ ఊరుకోడు.

కస్టమ్స్_బాబాయ్
ఎక్కించే ముందే రాయి ముక్క ల్యాబ్‌కి పంపి పొటాషియం, థోరియం, యురేనియం ఎంతెంత ఉన్నాయో విడివిడిగా రిపోర్టు తీసుకోండి. దాని కాపీ ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టులతో పాటు అవతలి ఏజెంటుకి ఓడ చేరకముందే మెయిల్ చేయండి. కాగితాల్లో ఊరికే స్టోన్ అని రాయొద్దు, రాయి పేరు, క్వారీ పేరు రాయండి. గేటు మళ్లీ మోగుతుంది. కానీ మోగినప్పుడు ఆఫీసరు చేతిలో కారణం ఉంటే, దింపి చూడాలన్న తొందర తగ్గుతుంది.

రేవుగాలి
రేపే శాంపిల్ పంపిస్తాను.